బనియన్ గుడ్డ జెండాలు

నేను పనికిరాని గుడ్డ కొనేవాణ్ణి. అవినాశిలో, తిరుప్పూరు పోయే రోడ్డు పక్కన మా ఇల్లు, ఇంటి వెనకాలే గోడౌన్. బనియన్ కంపెనీలు చొక్కాలు కత్తిరించగా మిగిలిన ముక్కలు, రంగు తేలిపోయిన తాన్లు, కుట్టు తప్పిన సరుకు, అన్నీ మూటలు మూటలుగా నా దగ్గరికి వస్తాయి. ఆడవాళ్ళు కింద కూర్చుని తెలుపు వేరు, రంగు వేరు ఏరుతారు. ఏరినదాన్ని అరచేయంత ముక్కలుగా కోయించి వర్క్‌షాపులకు తుడుపు గుడ్డగా అమ్ముతాను. యంత్రం మీది నూనె పీల్చడానికి బనియన్ గుడ్డను మించింది లేదు.

తమిళనాట కోయంబత్తూరు చుట్టూ ఉన్న ఈ కొంగునాట్లో మా తెలుగువాళ్ళు ఎన్ని తరాలుగా ఉన్నారో నాకు తెలియదు. పత్తి పండించినవాళ్ళున్నారు, మిల్లులు పెట్టినవాళ్ళున్నారు. ఆ పత్తి ప్రయాణంలో చిట్టచివర కూర్చున్నవాణ్ణి నేను. ధర లేని గుడ్డ ఉండదు, ధర తెలియని మనిషే ఉంటాడు అనుకుని వ్యాపారం చేశాను. బాగానే జరిగింది.

రెండేళ్ళ కిందటి ఆడి నెల, జూలై ఆగస్టుల గాలి కాలం. గాలికి గోడౌన్ రేకులు దడదడలాడుతున్నాయి. తిరుప్పూరు దారిలో కొత్తగా పెట్టిన ఒక చిన్న కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళు టీషర్టులు కుట్టేవాళ్ళు. ఆగస్టు పదిహేనుకు ఎవరో జెండాలు అడిగితే ఒప్పుకున్నారు. చేతికి అలవాటైన గుడ్డ బనియన్ గుడ్డే కాబట్టి జెండాలూ దానితోనే చేశారు. మూడు రంగుల పట్టీలు కలిపి కుట్టి, ప్రింటింగ్ బల్ల మీద తెల్ల పట్టీని బిగలాగి, చక్రం అచ్చు వేశారు. బల్ల మీద ఉన్నంతసేపూ చక్రం గుండ్రంగానే ఉంది. తీసి మడత పెట్టేసరికి బనియన్ గుడ్డ తన గుణం చూపించింది. లాగిన గుడ్డ ముడుచుకుంది, చక్రం కోలగా అయిపోయింది. అడిగినవాళ్ళు సరుకు వెనక్కి పంపేశారు.

"నరసింహన్, వచ్చి ఎత్తుకొని పో. ఏమిచ్చినా సరే. ఇది నా కంటి ముందర ఉండగూడదు," అన్నాడు ఆ కంపెనీ మొదలాళి, యజమాని.

అలాంటి మాట విన్నాక నేను ఆలస్యం చెయ్యను. ఆ సాయంత్రమే టెంపో పంపాను. ఒక్క జెండా చేతిలోకి తీసుకుని నలిపి చూశాను. మందమైన నూలు, మెత్తని, మచ్చ లేని గుడ్డ. కోయంబత్తూరు పీలమేడులో పంపుసెట్ల వర్క్‌షాపు రత్నసభాపతిది. ఆయన నా భార్య చారులతకు మేనమామ, నా సరుకులో పెద్ద భాగం ఆయనకే పోయేది. జెండా పండగ సెలవు ముందు ఏటా యంత్రాలన్నీ విప్పి కడిగించడం ఆయన అలవాటు. శుక్రవారంలోగా మంచి గుడ్డ కావాలని అప్పటికే చెప్పి ఉన్నాడు. నా గోడౌన్‌లో అప్పుడున్నది పాలియెస్టర్ కలిసిన పలుచటి సరుకు, నూనె పీల్చదు. ఆయనకు వేళకు సరుకు అందితే ఆ ఏడాదంతా నాదే. అందకపోతే తిరుప్పూరులో నాలాంటివాళ్ళు కాచుకుని ఉన్నారు. మూట విప్పకముందే నా మనసులో లెక్క అయిపోయింది.

*

మూట విప్పింది పొన్ను. నా గోడౌన్‌లో అందరికంటే పాత మనిషి. మిగతా ఆడవాళ్ళు ఆమె మాట మీద కూర్చుంటారు, ఆమె మాట మీద లేస్తారు. బైపాస్ అవతల కాలనీ వాళ్ళది. వాళ్ళ ఇంట్లోనూ తెలుగే, మా ఇంట్లోనూ తెలుగే, బజారుకొస్తే ఇద్దరమూ తమిళమే. ఒకే భాష మాట్లాడే ఆ రెండు వీధుల మధ్య ఉన్న దూరం గురించి మా ఊళ్ళో ఎవరూ మాట్లాడరు. అది రోడ్డు మీద స్పీడ్‌బ్రేకర్ లాంటిది. ఎక్కడుందో అందరికీ తెలుసు, అక్కడికి రాగానే అందరూ నెమ్మదిస్తారు.

"మొదలాళి, ఇది ఏమి?" అంది పొన్ను.

"జెండా."

"అది తెలుస్తాది. చిన్నబిడ్డకు గూడా తెలుస్తాది. ఈడికి ఎందుకొచ్చిందని అడగతాన్నాను."

"చక్రం చూడు."

మోకాళ్ళ మీద పరుచుకుని చూసింది. పక్కనున్న పాండీశ్వరి మెడ చాచి చూసి పకపకా నవ్వింది. అది వయసులో చిన్నది, నోటికి అడ్డం లేదు. "అక్కా, కోడిగుడ్డు! హాఫ్ బాయిల్ వేసినట్ల ఉండాదే."

ఆడవాళ్ళందరూ నవ్వారు. పొన్ను నవ్వలేదు. జెండాను నాలుగు మడతలు వేసి, కింద పెట్టడానికి చోటు వెతికి, చివరికి తన ఒళ్ళోనే పెట్టుకుంది.

"సరి. దీన్ని ఏం చెయ్యాలంటారు?"

"ఏముంది? కొయ్యండి. శుక్రవారం లోపల పీలమేడు పోవాల."

ఆమె పక్కనున్న కత్తెరను చేత్తో నా వైపు జరిపింది. "ఇది మాతో కాదు మొదలాళి."

"కూలి చాల్లేదా?"

"కూలి మాట ఎవరెత్తినారు? ఆగస్టు పదహారు తెల్లారితే మా ఇంటాయన ఏం చేస్తాడో తెలుసునా మీకు?"

ఆమె భర్త యేసుదాస్ మునిసిపాలిటీలో వీధులు ఊడుస్తాడు. అంతవరకే నాకు తెలుసు.

"ఊరంతా పండగ చేసి పారేసిన జెండాలుంటాయి గదా, కాగితంవి, ప్లాస్టిక్‌వి. కాలవలో, బస్టాండులో, బ్రాందీ అంగడి ముందర. ఒక్కొక్కటిగా వంగి ఏరి సంచిలో వేసుకుంటాడు. చెత్తబండిలో వెయ్యడు. సూపర్‌వైజరు 'యేసుదాస్, నేరం ఆచ్చు' అని, టయిమయిపోయిందని అరుస్తాడు. అయినా వెయ్యడు. ఆ మనిషికి సోరు పెట్టి వచ్చి నేను ఈడ కూచుని దీన్ని ముక్కలు కొట్టాలా? ఆ ముక్కతో ఎవడో గ్రీసు తుడిచి కింద పడేస్తే, దాన్ని గూడా ఎవరో మా ఆయన మాదిరి మనిషే ఊడ్చాల గదా?"

నేను గొంతు తగ్గించాను. "ముక్క చేసినాక అది జెండా అని ఎవరికి తెలుస్తాది పొన్నూ?"

"మాకు తెలుస్తాది."

తర్వాత వాళ్ళు చేసిన పని సమ్మె కంటే కష్టం. "వేరే మూట ఇయ్యండి, ఏరతాం," అని ఇంకో మూట లాక్కుని పనిలో పడ్డారు. పని మానేసినవాళ్ళను తిట్టొచ్చు. పని చేస్తున్నవాళ్ళను ఏమని తిట్టేది?

*

మర్నాడు చారులత ఫోన్ చేత్తో పట్టుకుని గోడౌన్ గుమ్మంలోకి వచ్చింది. "ఏనుంగ, మిమ్మల్నే, మామ అడగతాన్నాడు. శుక్రవారం తప్పకుండా వస్తాదా అని."

"వస్తాదని చెప్పు."

"మీరు చెప్పమంటే చెప్తాను. వచ్చేది మాత్రం నాకు కనపళ్ళే."

ఆడవాళ్ళు అన్నం తినడానికి వేపచెట్టు కిందికి పోయిన వేళ చూసి నేనే కోద్దామనుకున్నాను. కరెంటు కత్తి ఒకటి ఉంది, గుండ్రటి బ్లేడుది. తాన్లయితే ఒక్క ఊపులో కోస్తుంది. జెండాలను దొంతరగా బల్ల మీద పేర్చి, అంచులు సరిచేసి, స్విచ్ వేశాను. కత్తి గుయ్యిమంది.

"ఏమిరా ఆ సత్తం?"

మా అమ్మ లక్ష్మమ్మాళ్. మోకాళ్ళ నొప్పులతో ఇంటి వెనక గడప దాటి ఎన్నాళ్ళో అయింది. ఆ రోజు చేతికర్ర పొడుచుకుంటూ గోడౌన్ దాకా వచ్చింది. చారులత చెప్పే ఉంటుంది. స్విచ్ ఆపాను.

అమ్మ బల్ల దగ్గరికొచ్చి దొంతర మీద చెయ్యి వేసింది. "దీన్ని కోసేదానికి నీకు చెయ్యి వస్తాదా?"

"గుడ్డే కదమ్మా."

"మీ నాయన కడసారి కట్టిన పంచ బీరువాలో ఉండాది. అదీ గుడ్డే. మంచి నూలు. దాన్ని ఎందుకు అమ్మలే నువ్వు?"

అమ్మ జెండా ఒకటి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, కుట్టు మీద బొటనవేలు నడిపింది.

"విప్పితే పోతాది గదరా. మూడు గుడ్డలు వేరు వేరుగా వస్తాయి. వేరుగా వచ్చినాక అది వట్టి గుడ్డ. కోసేది ఏముంది ఇందులో?"

"ఇన్నీ విప్పాలంటే ఎంత పొద్దు పడతాదమ్మా? ఆ కూలికి గుడ్డ ధర చాలదు."

"నన్నడిగితే? విప్పేవాళ్ళను అడుగు."

అడిగాను. పొన్ను ఒక జెండా వెనక్కి తిప్పి దారం కొస కోసం వెతికింది. "రెండు కుట్లు వేసినారు పాపాత్ములు," అంది. దొరికిన కొసను పంటితో పట్టి లాగింది. కొంచెం దూరం సర్రున వచ్చి ఆగిపోయింది. బ్లేడు ముక్క తీసుకుని ఆగినచోట తాకించి మళ్ళీ లాగింది. కావి రంగు పట్టీ విడివడి ఆమె చేతిలోకి వచ్చింది.

"మీ పని అయినాక, సాయంత్రం వెలుగుండేదాకా కూచుంటాం. విప్పి ఇస్తాం. కూలి వద్దు," అంది.

"వద్దా?"

"కోసేదానికి మేము ఒప్పుకోలే. మీకు వచ్చే వ్యాపారం చెడిపోగూడదు. అందుకని."

ఊరికే వచ్చేదాన్ని నా వ్యాపారంలో నేనెప్పుడూ నమ్మలేదు. ఊరికే ఇచ్చినవాళ్ళు తర్వాత ఏదో అడుగుతారు. అయినా శుక్రవారం దగ్గరపడుతోంది. కావి, పచ్చ పట్టీలు అన్నీ విప్పాక ఒక్కసారే కోయించి పంపితే రత్నసభాపతికి సరిపోతుంది. సరేనన్నాను.

*

ఆ నెలలోనే వయనాడులో కొండ విరిగి ఊళ్ళ మీద పడింది. మాకు కొండ అవతలి నాడే. మా హాల్లో టీవీ పొద్దుటినుంచీ ఆ బురదనే చూపించేది. ఇటు మా మీద వాన పెద్దగా లేదు గాని, పాలకాడు కనుమ నుంచి వచ్చే గాలి, దానితోపాటు సన్నటి తుంపర. అలాంటి ఒక సాయంత్రం గాలికి గోడౌన్ రేకు ఒకటి లేచిపోయింది. తుంపర లోపలికి కొట్టింది. మేమంతా కలిసి మూటలు ఒక మూలకు లాగాం. విప్పడానికి కూర్చునే చోటు తడిసిపోయింది.

"రేపు చూద్దాంలే," అన్నాను.

ఇంటి వెనక గుమ్మంలోంచి అమ్మ పిలిచింది. "పొన్నూ, ఆ గుడ్డలెత్తుకొని లోపలికి రా. అందరూ రండి. హాల్లో లైటు ఉండాది."

ఆడవాళ్ళు కదల్లేదు. పొన్ను గడప దాకా పోయి ఆగింది. "ఈడ వరండాలో కూచుంటాం పెద్దమ్మా. గాలి బాగుండాది."

"గాలి నీకు బాగుంటాది. నాకు మోకాళ్ళు పట్టేస్తాయి. నేనూ విప్పతాను. నాకు దారం కొస కనపడదు, నువ్వు పక్కన ఉండి తీసియ్యాల. రా."

పొన్ను నా వైపు చూసింది. నేను లేచిపోయిన రేకు వైపు చూశాను. ఆమె చెప్పులు విడిచి, కాళ్ళు తుడుచుకుని, లోపలికి అడుగు పెట్టింది. వెనక మిగతావాళ్ళు. పాండీశ్వరి అన్నిటికంటే ముందు టీవీని చూసింది. "అక్కా, ఎంత పెద్దది చూడు! మన కాలనీ మొత్తం ఇందులో పడతాది."

చాప పరిచాను. అమ్మ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. పొన్ను కొస తీసి ఇస్తే అమ్మ లాగేది. తెగితే పొన్ను మళ్ళీ తీసి ఇచ్చేది.

"అంత గట్టిగా లాగితే తెగతాది పెద్దమ్మా. బిడ్డ చెవి పట్టినట్ల పట్టాల."

"నేను చెవి పట్టి పెంచినవాణ్ణే చూడు ఆడ నిలబడుకొని ఉండాడు. తెగలే గదా."

అందరూ నా చెవుల వైపు చూసి నవ్వారు.

గోడౌన్‌లో టీకి కాగితం కప్పులు వాడతాం. కడిగే పని లేదు, సులువు. అలా అనే కట్టలు కట్టలుగా తెచ్చి పెట్టేవాణ్ణి. చారులత వంటింట్లోంచి కాఫీ పాత్ర, ఆ కప్పుల కట్ట తెచ్చి కింద పెట్టింది.

"చారూ," అంది అమ్మ, చేతిలో దారం మీంచి చూపు తియ్యకుండా. "ఆ కాగితంలో పోస్తే అది కాపీ కాదు, కసాయం. టంబ్లర్లు తీసుకొని రా."

చారులత నా వైపు చూసింది. నేను టీవీలో బురద చూస్తున్నాను. ఆమె కప్పుల కట్ట తీసుకుని లోపలికి పోయింది. వంటింటి అలమారా తలుపు చప్పుడైంది. వచ్చేటప్పుడు తట్టలో మా పెళ్ళప్పటి టంబ్లర్లు ఉన్నాయి, పేరు చెక్కినవి.

పొన్ను టంబ్లరు అంచు పట్టుకుని, తల వెనక్కి వంచి, పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోబోయింది. వేడి కాఫీ.

"కాపీని ఎత్తి తాగితే రుచి తెలుస్తాదా? ఆనించి తాగు," అంది అమ్మ. "నాకు పళ్ళు లేవు, నేనూ ఆనించే తాగతాను."

"పళ్ళు లేకుంటే ఆ బిస్కత్తు నాకు ఇయ్యండి పెద్దమ్మా," అంది పాండీశ్వరి.

పొన్ను టంబ్లరును కాసేపు అలాగే పట్టుకుని ఉంది. తర్వాత ఆనించి తాగింది. తాగి, "చక్కెర తక్కువ," అంది.

చారులత చక్కెర తెచ్చి వేసింది.

*

ఆ తర్వాత రేకు బిగించినా వాళ్ళు మళ్ళీ గోడౌన్‌లో కూర్చోలేదు. అమ్మకు కొస కనపడదు కాబట్టి. హాల్లో ఒక పక్క కావి, ఒక పక్క పచ్చ, మధ్యలో కోడిగుడ్డు చక్రాల తెల్ల పట్టీలు కుప్పలయ్యాయి. తెల్లవాటి మీద ఎవరూ కాలు పడనివ్వలేదు. గురువారం నాటికి పని దాదాపు అయిపోయింది. అమ్మ ఒక కావి పట్టీని చెంపకు ఆనించుకుని చూసింది.

"ఎంత మెత్తన. బొంతకు బాగుంటాది."

"మా అవ్వ గూడా కుట్టేది పెద్దమ్మా, పాత చీరలతో. నాలుగు పక్కలా కుట్టి మధ్యలో గొలుసు మాదిరి పోతాది చూడండి, ఆ కుట్టు."

"అదే కుట్టు. మా అత్త నేర్పింది నాకు."

ఇద్దరూ ఒకరి చేతిలో ఒకరు ఆ కుట్టు గీసి చూపించుకున్నారు. తర్వాత పొన్ను నా వైపు తిరిగింది.

"మొదలాళి, ఒక మాట."

వచ్చింది, అనుకున్నాను.

"మా కాలనీ చర్చి నుంచి వయనాడుకు వ్యాన్ పోతాది. బియ్యం, పాత్రలు అన్నీ చేరినాయి. కప్పుకునేదానికి లేవు. ఆ కావీ పచ్చా మాకు ఇయ్యండి. బొంతలు కుడతాం."

"ఇచ్చేస్తే రేపు పీలమేడుకు ఏమి పంపేది?"

"అది మీ వ్యాపారం. నేను చెప్పేది లెక్క. గుడ్డ మీది, పొద్దు మాది. మేము పొద్దు పెట్టకుంటే ఈ గుడ్డను మీరు అమ్మేదానికీ లేదు, ఉంచుకునేదానికీ లేదు. తప్పైతే చెప్పండి."

నేను తప్పు కోసం వెతికాను. ఇన్నేళ్ళుగా ఇతరుల లెక్కల్లో తప్పు పట్టి బతికినవాణ్ణి. దొరకలేదు.

"సగం తీసుకో," అన్నాను.

"సగం బొంత కప్పుకొని సగం మనిషి వణకాలా?"

"వేరే రంగు గుడ్డ ఇస్తాను. గోడౌన్‌లో ఎంత కావాలంటే అంత ఉండాది."

"అది చిన్న చిన్న ముక్కలు. కుట్టు మీద కుట్టు పడి వీపుకు గుచ్చుకుంటాది. ఇవి పొడుగు పట్టీలు. మీకు తెలియదా?"

తెలుసు. అమ్మ తల ఎత్తలేదు. ఈ బేరంలో తనకేమీ సంబంధం లేనట్టు దారపు పోగులు ఏరి ఉండ చుడుతోంది. చారులత మాత్రం ఒక్క మాట అంది. "మామకు నేను చెప్పను. మీరే పోయి చెప్పుకోండి."

*

శుక్రవారం పొద్దున స్కూటరు మీద ఖాళీ చేతులతో పీలమేడు పోయాను. టెంపో అనుకుని వర్క్‌షాపు వాచ్‌మన్ గేటు మొత్తం తీశాడు, నన్ను చూసి సగం మూశాడు. లోపల జెండా కంబానికి కొత్త పెయింట్ వేస్తున్నారు. రత్నసభాపతి కుర్చీ వేసుకుని దగ్గరుండి వేయిస్తున్నాడు.

"వా మాప్ళే, రా అల్లుడూ. సరుకు వెనకాల వస్తాందా?"

"లేదు మామా. రాదు."

జరిగింది చెప్పాను. దాచలేదు, పెంచలేదు. ఆయన వింటూ కంబం వైపే చూశాడు. "పైన ఇంకో కోటింగ్ పోడు," అని పెయింటరుకు తమిళంలో చెప్పి నా వైపు తిరిగాడు.

"యంత్రాలు విప్పేసి పెట్టుకొని ఉండాను. మనుషులు చేతులు కట్టుకొని కూచున్నారు. నువ్వు నాకు కథ చెప్తాన్నావు."

"కథ కాదు మామా."

"పోనీ, మొదటనే కోసి పంపి ఉంటే? నా మనిషి దాంతో పంపు తుడిచి ఉంటే? నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"నాకూ తెలియదు, వాడికీ తెలియదు. మరి ఎవరికి తెలుస్తాదని నీ భయం?"

"పొన్నుకు."

ఆయన నవ్వాడు. "మూట విప్పే ఆడమనిషికా?"

"మూట విప్పే మనుషులు లేకుంటే నాది గోడౌన్ కాదు మామా, చెత్తకుప్ప. లెక్క అంతే."

ఆయన నవ్వు ఆపి నన్ను కాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. బల్ల మీద పెట్టిన యంత్రం మళ్ళీ నడుస్తుందో లేదో చూసే చూపు. జేబులోంచి ఫోన్ తీసి, నా ముందరే తిరుప్పూరులో ఒకాయనకు చేశాడు. ఈ ఏడాదికంతా మాట్లాడేశాడు. ఫోన్ పెట్టి, "టిఫన్ తిని పో. అత్త దోసెలు పోస్తాంది," అన్నాడు.

తిన్నాను. బంధువు బంధువే, వ్యాపారం వ్యాపారమే. నేనైనా అలాగే చేసి ఉండేవాణ్ణి. తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర వెనక్కి చూస్తే, పెయింటరు కంబం కొనకు రెండో కోటింగ్ వేస్తున్నాడు. ఎండకు మెరుస్తోంది.

*

బొంతలు మా హాల్లోనే కుట్టారు. కావి పట్టీ పక్కన పచ్చ పట్టీ, దాని పక్కన మళ్ళీ కావి. తెలుపు ఉండకూడదని అమ్మ, పొన్ను ఇద్దరూ పట్టుబట్టారు. తెలుపు కలిస్తే మళ్ళీ అదే అవుతుందని. అందుకని మధ్య మధ్య నా గోడౌన్ నుంచి నీలం గుడ్డ తీసుకున్నారు. అడిగి తీసుకోలేదు. కాలనీ వ్యాన్‌లోకి ఎక్కించే రోజు నేను, యేసుదాస్ కలిసి మోశాం. వ్యాన్ మెట్టూపాళయం వైపు తిరిగేదాకా పాండీశ్వరి చెయ్యి ఊపుతూనే ఉంది. టాటా బొంతలకు చెప్పిందో డ్రైవరుకు చెప్పిందో అని మిగతా ఆడవాళ్ళు ఏడిపించారు.

తెల్ల పట్టీలు మిగిలాయి. ఆగస్టు పదహారు పొద్దున, డ్యూటీ ముగించుకుని యేసుదాస్ మా ఇంటి వెనక్కి వచ్చాడు, భుజాన సంచితో. అందులో ఆ తెల్లవారుజామున వీధుల్లో ఏరిన జెండాలు. కొన్ని నలిగి ఉన్నాయి, కొన్నిటి మీద టైరు గుర్తులు. పంపు దగ్గర కూర్చుని బురద పట్టినవాటిని ఒక్కొక్కటిగా కడిగాడు. పాడైన జెండాను పారెయ్యకుండా మర్యాదగా కాల్చాలని అతని నియమం. కాల్చబోయేవాటిని కడగడం ఎందుకని అడగాలనిపించింది. అడగలేదు.

మునగచెట్టు పక్కన నేల ఊడ్చి, ఎండుకొమ్మలు పేర్చాడు. చెప్పులు దూరంగా విడిచాడు. నేనూ విడిచాను. చక్రాల పట్టీలు మడత నలగకుండా అతను అందిస్తే నేను మంటలో పెట్టాను. నూలు కాబట్టి శుభ్రంగా కాలింది. మంట తగ్గేదాకా అతను నిటారుగా నిలబడ్డాడు. సెల్యూట్ లాంటిది ఏమీ చెయ్యలేదు, ఊరికే నిలబడ్డాడు. గుమ్మంలో అమ్మ, పొన్ను, చారులత.

"ఇన్నాళ్ళూ యాడ కాల్చేవాడివి యేసుదాస్?" అన్నాను.

"కాలనీ వెనకాల మొదలాళి. ఆడ జాగా తక్కువ. కుక్కలొచ్చి లాగతాయి. ఒక మనిషి కావలి ఉండాల."

"ఇంక ఈడికే తీసుకొని రా," అంది అమ్మ గుమ్మంలోంచి. "ముందర లోపలికొచ్చి కాపీ తాగు."

అతను పొన్నును చూశాడు. పొన్ను, "ఆనించి తాగాల. లేకుంటే తిట్లు పడతాయి," అంది.

బూడిద చల్లారాక చెట్టు మొదట్లో పోశాడు.

*

ఆ ఆడి నాకు నష్టం. అది దాచను. పీలమేడు వ్యాపారం తిరిగి రాలేదు. చిన్న చిన్న లేత్ షాపులను పట్టుకుని నిలదొక్కుకోవడానికి చాలాకాలం తిరిగాను. మా వీధి మారిందని కూడా చెప్పను. హాల్లో ఎవరెవరు కూర్చున్నారో తెలిసి పక్కింటి సౌందరం కొన్నాళ్ళు మా ఇంట్లో కాఫీ వద్దంది, కడుపులో బాగాలేదని. దీపావళి పలహారాల వేళకు బాగైంది. స్పీడ్‌బ్రేకర్ ఉన్నచోటే ఉంది. అయితే టీ వేళకు ఆడవాళ్ళు మా వెనక గుమ్మంలోంచి హాల్లోకి వచ్చి కూర్చుంటారు. ఎవరి టంబ్లరు వాళ్ళు కడిగి వంటింటి అలమారాలోనే బోర్లిస్తారు. పొన్ను కాఫీకి చారులత అడక్కుండానే చక్కెర ఎక్కువ వేస్తుంది. పదహారో తారీఖున యేసుదాస్ వస్తాడు.

గోడౌన్ అరమీద కాగితం కప్పుల కట్టలు కొన్ని విప్పకుండా మిగిలిపోయాయి. చోటు దండగని మొన్న పాత సామాన్లు కొనేవాణ్ణి పిలిచి చూపించాను. ఒక కప్పు తీసి గోటితో లోపల గీకాడు. ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఎవరూ తీసుకోరన్నాడు.

ఊరికే ఇస్తానన్నాను.

ఊరికే అయినా వద్దన్నాడు.